గోడ ఆరేదాకా

ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. మూడు రోజులుగా పట్టి ఉన్న ముసురు తెల్లవారుజామున వెలిసింది గాని, ఆకాశం పూర్తిగా మనసు మార్చుకున్నట్టు లేదు. చూరుల నుంచి నీళ్ళు ఆగి ఆగి జారుతున్నాయి, గాలి బొత్తిగా కదలడం లేదు, మోచేతి మడతల్లో చొక్కా అంటుకుపోయేంత ఉక్కగా ఉంది. ఏటవాలు వీధిలో ఒక ఇంటి ముందు మూడు చక్రాల బండి ఆగింది. అందులోంచి చెమ్మ మేస్త్రి ముందుగా దిగి, నడుం మీద రెండు చేతులూ ఆనించి నిట్టూర్చాడు. తరువాత అతని భార్య దిగి, నిట్టూర్చడానికి తీరిక లేనట్టుగా, వెనక నుంచి నల్లని ప్లాస్టిక్ పట్టా చుట్టను లాగడం మొదలుపెట్టింది.

ఇళ్ళకు పట్టిన చెమ్మను వదిలించడం వాళ్ళ వృత్తి. ఆ వృత్తిలో పనుల పంపకం శరీరాలను బట్టి జరిగింది. మేస్త్రి భారీ మనిషి కావడం వల్ల పైన నిలబడి గోడలు తట్టి చూడడం, ఇంటివాళ్ళతో మాట్లాడడం అతని వంతయ్యాయి. ఆమె చేతికర్రలా సన్నగా ఉండడం వల్ల, ఇంటి గచ్చుకూ కింది మట్టికీ మధ్య మనిషి బోర్లా పడి పాకడానికి మాత్రమే చాలే చీకటి ఖాళీలోకి దూరడం ఆమె వంతయింది. ఆ ఖాళీని వాళ్ళు బిలం అనేవాళ్ళు; బిలంలోకి దూరే భార్యను మేస్త్రి ఉడుత అనేవాడు; ఆ పిలుపు అతని నోటి నుంచి తోటి పనివాళ్ళ నోళ్ళకు పాకి, చివరికి ఆమెకు అదే పేరయింది. ఉడుత కింద చూసినది ఏదైనా ఇంటివాళ్ళకు మేస్త్రి మాటగానే చేరేది. ఆమె చూడకముందే మేస్త్రి మాట బయటపడిపోవడం కూడా, అతని మోకాళ్ళు మొండికేసేకొద్దీ, తరచుగా జరగసాగింది.

ఆ రోజూ అలాగే జరిగింది.

ఇంటావిడ వాళ్ళను పక్క మెట్ల మీదుగా కిందికి తీసుకెళ్ళింది. వీధి వాలు వల్ల ఆ ఇంటికి పల్లపు వైపున, సగం భూమిలోకి దిగిన సెల్లారు గది ఒకటి ఏర్పడింది. మిగతా ఇంటి కింద ఉన్నదంతా బిలమే. గదికీ బిలానికీ మధ్య ఒక్క ఇటుక గోడ. గదికి ఉన్న ఒకే కిటికీ బయటి నేలకు సమానమైన ఎత్తులో ఉంది; దాని ముందు కారు నిలిపి ఉంది. బిలం వైపు గోడకు మోకాలి ఎత్తు దాకా సున్నం పెచ్చులు లేచి, వాటి అంచుల్లో ఉప్పు తెల్లగా పూసింది. గదికి అడ్డంగా కట్టిన రెండు తాళ్ళ మీద తడి బట్టలు వేలాడుతున్నాయి. వాటి కింద, మంచం అంచున కూర్చుని, ఒక పెద్దావిడ ఎవరిదో ప్యాంటు అంచు మడిచి కుడుతోంది.

"మా పిన్ని," అంది ఇంటావిడ, సామానులో ఒకదాన్ని చూపించినట్టు.

మేస్త్రి గోడను వేలి కణుపుతో రెండుచోట్ల తట్టాడు. గాలి ఎగబీల్చాడు. తాళ్ళ మీది బట్టలను, మూలనున్న చిన్న స్టవ్వు మీది టీ గిన్నెను, బిగించి ఉన్న కిటికీని వరసగా చూశాడు. అతను వంగి గోడ అడుగు భాగం చూడవలసింది. వంగాలంటే మోకాళ్ళు ఒప్పుకోవాలి.

"ఇది నేల చెమ్మ కాదమ్మా," అన్నాడు. "మనిషి చెమ్మ."

"అంటే?"

"అంటే ఊపిరి, టీ ఆవిరి, ఈ తడి బట్టలు. కిటికీ చూస్తే సీలేసినట్టుంది. ఆవిరి ఎటు పోతుంది పాపం? చల్లగా ఉందని వెళ్ళి గోడని కావలించుకుంటుంది. గోడ మాత్రం ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది?"

"నేను మొత్తుకుంటూనే ఉన్నా. మా ఆయన వింటేగా!" ఇంటావిడ ముఖంలో చాలాకాలంగా రావలసిన ఉత్తరం చేతికందినట్టు ఒక తేట కనబడింది. "మా బావే మిమ్మల్ని పంపించాడు, మంచి పని చేశాడు. పనివాళ్ళ నోటి వెంట వస్తే గాని నమ్మరు. విన్నావా పిన్నీ?"

"విన్నానమ్మా," అంది పిన్ని, దారాన్ని పంటితో తెంపుతూ.

ఉడుత అప్పటికి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చేతిలో అరచేయంత పారదర్శకపు ప్లాస్టిక్ ముక్కా, టేపూ ఉన్నాయి. ఆ ముక్కను గోడకు నాలుగు వైపులా అంటించి ఒక రోజు వదిలేస్తే, గదిలోని ఆవిరి అయితే నీటి బొట్లు ముందువైపు కడతాయి, గోడలోంచి వచ్చే తడి అయితే వెనకవైపు కడతాయి. ఇది వాళ్ళ పనిలో మొదటి మెట్టు. మాట్లాడవలసింది మర్నాడు. భర్త ముందే మాట్లాడేశాడు గనుక ఆమె ఆ ముక్కను జేబులో పెట్టుకుంది. పెట్టుకుంటూ తాళ్ళ వైపు చూసింది. కుర్రవాళ్ళ ఆటల చొక్కాలు, ఇంటాయన ఆఫీసు చొక్కాలు, పెద్ద మంచాల దుప్పట్లు, ఇంటావిడ తువ్వాళ్ళు. ఆ గదిలో ఉండే మనిషివి ఆ తాళ్ళ మీద ఒక్కటీ లేవు.

మెట్లెక్కుతూ ఇంటావిడ మిగతాది చెప్పింది. పిన్ని తన తల్లికి చెల్లెలు. పిల్లలు చంటివాళ్ళుగా ఉన్నప్పుడు సాయానికని తెచ్చుకున్నారు, పిల్లలకిప్పుడు మీసాలొచ్చాయి. వేరే ఊళ్ళో వరసకు తమ్ముడయ్యేవాడికి కవలలు పుట్టారు, మనిషి సాయం లేక అల్లాడుతున్నారు. "వెళ్ళు పిన్నీ అంటే, నేనేం చేశానమ్మా అంటుంది. ఏం చేసిందో ఇప్పుడు మీరే చెప్పారుగా. ఆదివారం మా ఆయన కారులో దింపేసి వస్తారు."

మేస్త్రి ఒక మాట అన్నాడు. ఆ మాటకు అప్పుడే ఒక వారమూ, ఒక కారూ, ఒక ప్రయాణమూ ఏర్పడ్డాయి. ఉడుత భర్త వైపు చూసింది. అతను ఆకాశం వైపు చూస్తున్నాడు.

మాట ఏదైనా, ఒప్పుకున్న పని మాత్రం మట్టి తడి పైకి ఎగబాకకుండా బిలమంతా పట్టా పరచడం. బిలానికి దారి ఇంటి పక్క గోడలో ఉన్న చెక్క తలుపు. ఉడుత నుదుటికి దీపం కట్టుకుని, ముఖానికి గుడ్డ చుట్టుకుని, మోచేతుల మీద లోపలికి పాకింది. గచ్చు ఆమె వీపుకు జానెడు ఎత్తులో ఉంది. పాత ఇటుకల వాసన, ఎలుకల వాసన, వాటి కింద మరేదో తియ్యని వాసన. పైన ఎవరో నడుస్తుంటే గచ్చులోంచి ఆ నడక ఆమె భుజాల మీదుగా దాటిపోతోంది. కొంత దూరం దాకా మట్టి పొడిగానే ఉంది. గోరుతో గీస్తే పొడి లేచింది. ఇంటి నడిమధ్యకు వచ్చాక మోచెయ్యి చల్లబడింది. గుప్పెడు మట్టి తీసి పిసికింది. అది ముద్దై, వేళ్ళు విప్పినా ముద్దగానే నిలిచింది. ఆ తడి అక్కడ మొదలై, వాలు వెంట ఒక చారలాగా సాగి, పిన్ని గది గోడ మొదట్లో ఆగింది.

"ఎలా ఉందే?" తలుపు దగ్గర నుంచి మేస్త్రి గొంతు.

"ఒక చారలా తడి ఉంది. గది గోడ దాకా."

"మూడు రోజుల ముసురు మరి."

"వానైతే బయటి గోడల వెంబడి ఉండాలి కదయ్యా. ఇది మధ్యలో పుట్టింది."

"పుట్టిందో పెరిగిందో, దాని జాతకం నీకెందుకు? పట్టా పరిచెయ్. పట్టా పరిచాక కింద ఏముందో ఎవడికి కావాలి?"

పట్టా పరచడం అంటే చుట్టను ముందుకు తోస్తూ, దాని మీదే పాకుతూ, అంచులను ఇటుకలతో నొక్కుకుంటూ పోవడం. మధ్యాహ్నానికి ఆమె మెడ నరాలు బిగుసుకుపోయి, తల తిప్పాలంటే భుజాలతో సహా తిప్పవలసి వచ్చింది. తడి చార ఉన్న మేర మాత్రం ఆమె పట్టా వేయలేదు. బయటికి వచ్చి, మిగిలింది రేపు వేస్తానంది. ఎందుకని అతను అడగలేదు. ఆమె ముఖం చూస్తే అలసట అనుకోవడానికి అన్ని ఆధారాలూ ఉన్నాయి.

చేతులు కడుక్కోవడానికి కింది గదికి వెళ్ళింది. పిన్ని చెంబుతో నీళ్ళు పోసి, టీ గ్లాసు అందించింది.

"తాగు తల్లీ. ఆవిరి మాత్రం గోడ వైపు వదలకు."

ఉడుతకు నవ్వాలో వద్దో తెలియలేదు.

"నా ఊపిరికి గోడలు పడతాయని ఇన్నాళ్ళూ తెలీదమ్మా," అంది పిన్ని, మంచం మీది దుప్పటి మడతపెడుతూ. "తెలిసుంటే వయసులో ఉన్నప్పుడే కొన్ని గోడల మీద ఊదేదాన్ని."

"కిటికీ ఎందుకు మూశారు పిన్నిగారూ?"

"తెరిస్తే కారు పొగ నా మంచం మీదికే. పొద్దున ఇంజను వేసి వదిలేస్తాడు, వేడెక్కాలట."

ఉడుత గ్లాసు కింద పెట్టింది. జేబులోంచి ప్లాస్టిక్ ముక్కను తీసి, మంచం తలాపి పక్కన, గోడ అడుగున, నాలుగు వైపులా టేపు వేసి అంటించింది. టేపు అంచును బొటనవేలితో నొక్కింది. పిన్ని ఏమిటని అడగలేదు. టేపుకు దుప్పటి తగలకుండా దాన్ని మాత్రం అవతలికి తీసింది.

సాయంత్రం ఇంట్లో మేస్త్రి వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. ఉడుత నేల మీద వెల్లకిలా పడుకుని ఉంది. మెడకు ఆ గట్టిదనం హాయిగా ఉంది.

"ఊపిరి చెమ్మ అయితే ఉప్పు పూస్తుందా?" అంది కప్పు వైపు చూస్తూ.

"మొదలెట్టావా?"

"పూయదు. నువ్వే చెప్పావు నాకు, కొత్తలో."

"కొత్తలో చాలా చెప్పాను. కట్టుకున్నదాని ముందు ఎవడైనా గొప్పలు పోతాడు."

"ఆ తాళ్ళ మీద బట్టలన్నీ వాళ్ళవే."

"బట్టలెవరివైతేనేంటే? నీళ్ళు నీళ్ళే." అతను నీళ్ళలో కాళ్ళు మార్చాడు. "చూడు, చెప్పిన మాట చెప్పేశాను. రేపు వెళ్ళి కాదంటే, ఎల్లుండి మనం చెప్పిందేదీ ఎవడూ నమ్మడు. ఆవిడెలాగూ వెళ్ళిపోవాల్సిన మనిషి. మన మాట లేకపోతే ఇంకో మాట దొరికేది."

అతని వాదంలో తప్పు ఎక్కడుందో ఆమెకు తెలుసు. దాన్ని మాటల్లో పెట్టేంత ఓపిక ఆ పూట మిగల్లేదు.

మర్నాడు ఆమె తొందర చేసి అతన్ని ముందుగానే బయల్దేరదీసింది. ఇల్లు అప్పుడే నిద్ర లేస్తోంది. ఉడుత నేరుగా కింది గదికి వెళ్ళి గోడ ముందు మోకరిల్లింది. ప్లాస్టిక్ ముక్క ముందువైపు పొడిగా ఉంది. వేలు రాస్తే కిర్రుమంది. వెనకవైపు, గోడకు ఆనుకున్న మేర, నీటి బొట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిండుగా పట్టి ఉన్నాయి. ఒకటి బరువెక్కి, దారిలోని బొట్లను కలుపుకుంటూ టేపు దాకా జారింది.

ఆమె బిలంలోకి దూరింది. చార పుట్టిన చోటికి చేరి, దీపం ఆర్పి, చెంప మట్టికి ఆనించి పడుకుంది. నిన్న ఆమె లోపలికి వచ్చే వేళకు ఇంట్లో స్నానాలు అయిపోయాయి. ఈ రోజు ఇంకా మొదలు కాలేదు. కాసేపటికి పైన తలుపు మూసిన చప్పుడైంది. నీళ్ళు గలగలమన్నాయి. ఆ గలగల ఆమె తలపైన గొట్టంలోకి దిగి, మలుపు తిరిగి, అక్కడ తెగిపోయింది. ఆ వెంటనే చెవి పక్కన మట్టి మీద టపటపమని ధార పడింది. దీపం వెలిగించింది. మట్టి మీద నురుగు. నిన్న అర్థం కాని తియ్యని వాసన ఇప్పుడు అర్థమైంది: ఖరీదైన సబ్బు.

కొత్త బాత్రూం నుంచి వచ్చే గొట్టాన్ని దాని కంటె లావైన గొట్టంలో దోపి వదిలేశారు, అతికించలేదు. ఆమె రెండు వేళ్ళతో పట్టి తిప్పితే అది తిరిగింది. ఇంట్లోని ప్రతి స్నానంలో కొంత భాగం ఇక్కడ కారి, వాలు పట్టుకుని, పిన్ని గది గోడకు చేరుతోంది. ఆ బాత్రూం కట్టించిన కాంట్రాక్టరు ఇంటావిడ అక్క భర్త. మేస్త్రికి ఈ పనీ, దీనికి ముందు చాలా పనులూ ఇప్పించినది అతనే.

తలుపు దగ్గరికి వచ్చి ఆమె చెప్పినప్పుడు మేస్త్రి వెంటనే మాట్లాడలేదు. అతను మాట్లాడకపోవడం అరుదు గనుక, అతను నమ్మాడని ఆమెకు అర్థమైంది.

"గట్టిగా అనకు," అన్నాడు చివరికి, తలుపు చెక్క పట్టుకుని కష్టంగా వంగి. "ఒక పని చెయ్. సొల్యూషన్ డబ్బా తీసుకెళ్ళి అతికించెయ్. పావుగంట పని. నీళ్ళాగిపోతాయి, గోడ ఆరిపోతుంది. కాంట్రాక్టరు పరువు దక్కుతుంది, మన మాటా దక్కుతుంది. ఎవరికీ నష్టం లేదు. ఏమే?"

ఆమె డబ్బా తీసుకుంది. తిరిగి లోపలికి పాకింది.

గొట్టం చివరను గుడ్డతో తుడిచింది. డబ్బాను రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకోవడానికి చోటు లేక, గడ్డం కింద నొక్కిపెట్టి మూత తిప్పబోయింది. అక్కడ ఆగింది. రాత్రి మాటల్లోకి రానిది ఇప్పుడు ఒక్కొక్కటిగా వరసకట్టింది. ఈ రోజు అతికిస్తే ఈ రోజే నీళ్ళాగుతాయి. మట్టి ఆరడానికి కొన్నాళ్ళు, గోడ ఆరడానికి నెలలు పడుతుంది. ఆదివారం పిన్ని వెళ్ళిపోతుంది. ఆమె వెళ్ళిన తరువాత గోడ ఆరుతుంది. అప్పుడు మేస్త్రి మాట ఒట్టి మాటగా ఉండదు, రుజువైన మాటవుతుంది: ఆవిడ ఉంది, చెమ్మ ఉంది, ఆవిడ లేదు, చెమ్మ లేదు. ఆ రుజువును తయారుచేసేది మేస్త్రి నోరు కాదు, ఈ చేతులు.

పైన మళ్ళీ తలుపు మూసుకుంది. రెండో స్నానం. నురుగు ఆమె మణికట్టు దాకా వచ్చింది. ఆమెకు నిద్ర వచ్చినంత అలసటగా ఉంది. పాకుతూ వెనక్కి మళ్ళింది.

"అయిందా?" అన్నాడు మేస్త్రి.

ఆమె మూత తియ్యని డబ్బాను అతని చేతిలో పెట్టి, తలకు చుట్టిన గుడ్డ విప్పుకుంటూ, పెరటి వైపు వంటగది తలుపు దగ్గరికి నడిచింది. అతను "ఒసే, ఒసే" అంటూ వెనకే వచ్చాడు, కాని అతని మోకాళ్ళ కంటె ఆమె నడక వేగం.

"అమ్మా, ఇంట్లో నీలిమందు ఉందా?"

ఇంటావిడ ఆమెను తల నుంచి పాదాల దాకా చూసింది. ఈ మనిషికి గొంతు ఉందని ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది. "తెల్లబట్టలకు వేసేదా? పిన్ని దగ్గరుంటుంది. నీకెందుకు?"

"ఒక బకెట్లో చిక్కగా కలిపి, మీ కొత్త బాత్రూంలో మీ చేత్తోనే పొయ్యండి. నేను కింద ఉంటాను."

"ఇదెక్కడి వైద్యం! నిన్న మేస్త్రి మనిషి చెమ్మ అన్నాడుగా?"

"అన్నాడు. అప్పటికి నేను కిందికి దిగలేదు."

మేస్త్రి నోరు తెరిచాడు. "అమ్మా, అది కాదు..."

"నువ్వుండవయ్యా," అంది ఉడుత, అతని వైపు చూడకుండానే.

పిన్ని నీలిమందు డబ్బా తెచ్చింది. తానే బకెట్లో కలపబోతే ఉడుత వారించింది. "మీరు ముట్టుకోవద్దు పిన్నిగారూ. ఆవిడే కలపాలి." ఇంటావిడ వేళ్ళకు రంగు అంటుతుందని గరిటె తెప్పించుకుని కలిపింది.

కింద, ఉడుత గొట్టం పక్కన ఒత్తిగిల్లి పడుకుంది. పైన బకెట్టు కుమ్మరించిన చప్పుడు. గొట్టంలో గురగుర. మొదటి బొట్టు దీపం వెలుగులో నల్లగా కనబడింది. ఆ వెనక వచ్చిన ధార ముదురు నీలం. అది తుళ్ళి ఆమె చెంప మీద, కాలరు మీద చిమ్మింది. ఆమె దాని కిందనే అరచెయ్యి పట్టి, మట్టితో సహా గుప్పిట మూసింది.

పెరట్లో ఆమె గుప్పిట విప్పినప్పుడు నలుగురూ చూశారు. ఇంటాయన మెడలో తువ్వాలుతో, సగం గడ్డం గీసుకుని వచ్చాడు.

"ఓహో. అంటే మా స్నానం నీళ్ళేనన్నమాట," అన్నాడు, పేపర్లో వార్త చదివినంత తేలిగ్గా. "అతకడానికెంతసేపు?"

"పావుగంటండి," అన్నాడు మేస్త్రి.

"అయితే అతికించెయ్యండి. దీనికింత హడావిడి దేనికి? నాకు లేటవుతోంది." అతను మిగతా గడ్డం గీసుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఇంటావిడ మాత్రం గొంతు తగ్గించింది. "బావకి చెప్పకండి. నొచ్చుకుంటాడు. మా అక్క నన్ను బతకనివ్వదు." తరువాత, ఏదో గుర్తొచ్చినట్టు, పక్కకు తిరిగింది. "పిన్నీ, ఆదివారం ప్రయాణం వద్దులే. దుప్పట్లింకా సగం ఉతకాలి. చూద్దాంలే తర్వాత."

తప్పు తనది కాదని పిన్నితో ఎవరూ అనలేదు. ఆమె దగ్గరికి వచ్చి ఉడుత అరచేతిలోని మట్టిని ఒక వేలితో తాకింది. వేలు ఎత్తి వెలుగులో చూసుకుంది.

"మంచి రంగు," అంది.

గొట్టం అతికించాక, తిరుగు ప్రయాణంలో మేస్త్రి బండిని అవసరమైన దాని కంటె నెమ్మదిగా నడిపాడు. బజారు మలుపులో ఫోను మోగింది. కాంట్రాక్టరు. ఇంటివాళ్ళు చెప్పవద్దన్న వార్త ఇంటివాళ్ళ నుంచే అప్పటికి చేరిపోయింది. మేస్త్రి బండి పక్కకు ఆపాడు.

"ఏం మేస్త్రీ, నా పనికే వంక పెట్టావట?"

"వంక కాదు సార్. అతకలేదు."

"చూశావా నువ్వు, నీ కళ్ళతో?"

"మా ఆవిడ చూసింది."

"మీ ఆవిడా!" అవతల నవ్వు వినిపించింది. "సరిపోయింది. మీ ఆవిడ మాట పట్టుకుని..."

మేస్త్రి భార్య వైపు ఒకసారి చూశాడు. ఆమె చెంప మీద నీలం ఇంకా ఆరలేదు.

"చూసేది ఆవిడే సార్," అన్నాడు. "నేను మాట్లాడతానంతే."

అవతలి నుంచి ఇంకేవో మాటలు వచ్చాయి. ఇతను ఊఁ కొట్టాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. "మొహం కడుక్కో ముందు. దెయ్యంలా ఉన్నావు," అని బండి నడిపాడు. కాంట్రాక్టరు మళ్ళీ ఎన్నడూ వాళ్ళకు ఫోను చేయలేదు. ఆ ఏడాది వాళ్ళకు పని పలచబడింది.

గోడ చూసి రావలసిన పని ఒకటి మిగిలి ఉంది. తరువాతి వారం ఒక పొడి ఉదయం వాళ్ళు వెళ్ళారు. ఉడుత చెమ్మను కొలిచే మీటరు తాలూకు రెండు మేకులనూ గోడకు గుచ్చింది. ముల్లు ఎర్రగీత దాకా వెళ్ళి అక్కడే నిలబడింది. అది ఆమె ఊహించినదే. ఇన్నాళ్ళు తాగిన నీళ్ళను ఇటుక ఒక్క వారంలో వదలదు. బిలంలో మట్టి మాత్రం పైపొర తేలికపడింది. మిగిలిన పట్టా పరిచి వచ్చేసరికి, పిన్ని మంచం మీద ఒక సంచీ తెరిచి, బట్టలు సర్దుతోంది. తక్కువ బట్టలు. దారపు ఉండల డబ్బాను వాటి మధ్య, పగిలే వస్తువులాగా పెట్టింది.

"ఆదివారం ప్రయాణం వద్దన్నారుగా?" అంది ఉడుత.

"అక్కడికి కాదు తల్లీ. ఇంకా చంటిపిల్లల్ని ఎత్తే నడుమా ఇది? బజారు చివర ఆడ దర్జీ కొట్టుంది చూడు, ఆవిడ ఎప్పట్నుంచో రమ్మంటోంది. కాజాలూ అంచులూ కుట్టిపెట్టాలి. కొట్టు పైన, మూడో అంతస్తులో గదిస్తుందట. పొద్దున్నే ఎండ సరాసరి మంచం మీదే పడుతుందని చెప్పింది."

"ఎప్పట్నుంచో అంటే, మరి ముందే ఎందుకెళ్ళలేదు?"

పిన్ని ఒక జాకెట్టు మడిచింది. మడత నచ్చక విప్పి మళ్ళీ మడిచింది. "వెళ్దామనుకున్నప్పుడల్లా ఈ గోడ అడ్డమొచ్చేది. పాడుచేసి పోయింది అంటారు. దోషం నెత్తిన పెట్టుకుని గడప దాటితే, గెంటేసినట్టుంటుంది. ఇప్పుడైతే నేనే వెళ్తున్నాను."

ఉడుత ఈ మాటకు సిద్ధంగా లేదు. ఆమె ఇన్నాళ్ళూ కాపాడుతున్నాననుకున్నది ఈ గదిలో ఈ మనిషికి ఉన్న చోటును. ఆ చోటు ఈ మనిషికి ఎన్నడూ అక్కర్లేదు. ఆమె గోడ వైపు, ఎర్రగీత దగ్గర నిలిచిపోయిన ముల్లు వైపు చూసింది. ఆ రోజు బిలంలో తనను వెనక్కి మళ్ళించిన లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలైంది.

"గోడ ఆరేదాకా ఉండండి పిన్నిగారూ," అంది. తన గొంతు బతిమాలుతున్నట్టుగా ఉండడం ఆమెకే వింతగా తోచింది. "ఎండాకాలం దాకా చాలు. మీరు ఉండగానే ఆరాలి. మీరు వెళ్ళాక ఆరిందంటే, మీవల్లే అంటారు. గొట్టం సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు."

"అననీలే."

"అలా ఎలా? మీరేమీ చెయ్యకుండా..."

"నీ చేతిలో చూశాను కదమ్మా. వాళ్ళూ చూశారు, ఆ పూటకి. అది వాళ్ళకి జన్మంతా గుర్తుండాలంటే నేనిక్కడే కాపలా కూర్చోవాలి." పిన్ని సంచీ జిప్పు లాగింది; అది మధ్యలో ఇరుక్కుంటే ఓపికగా వెనక్కి తీసి మళ్ళీ లాగింది. "అంత ఓపిక లేదు తల్లీ. నీకు మాత్రం ఉందా?"

సంచీకి ఒక చెవి ఉడుత పట్టుకుంది, రెండో చెవి పిన్ని పట్టుకుంది. ఇద్దరూ పక్క మెట్లెక్కారు. పైన వరండాలో ఇంటావిడ నిలబడి ఉంది.

"ఇదేంటి పిన్నీ, ఇంత హఠాత్తుగా? దుప్పట్లెవరు ఆరేస్తారు?"

"బయట తాడు కట్టించుకోమ్మా," అంది పిన్ని. "మనిషి చెమ్మ గోడలకి మంచిది కాదట."

మేస్త్రి అటు తిరిగి దగ్గాడు. సంచీని పట్టా చుట్ట పక్కన పెట్టి, పిన్నిని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. భార్యను వెనక సామాను మధ్య ఎక్కమన్నాడు. ఉడుత వెనక్కి తిరిగి మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. బండి వాలు దిగుతుంటే ఆమెకు ఇంటి కింది వైపు కిటికీ కనబడింది. ఆ పూట కారు అక్కడ లేదు. కిటికీ రెక్కలను పిన్ని వెళ్ళేముందు బార్లా తెరిచి పెట్టింది.

గోడ ఆ ఎండాకాలం చివరికి ఆరింది.

ఆరేళ్ళ తరువాత ఆ ఇల్లు అమ్మకానికి వచ్చింది. కొనడానికి వచ్చినవాళ్ళు సెల్లారు గదిలో నిలబడి, ఇక్కడ చెమ్మ ఏమైనా ఉండేదా అని అడిగారు. మా పిన్ని ఉన్నన్నాళ్ళూ ఉండేది, ఆవిడ వెళ్ళాక ఆరిపోయింది అని ఇంటావిడ చెప్పింది. వాళ్ళు గోడను తట్టి చూశారు. అది పొడిగా ఉంది. ఇల్లు కొన్నారు.